పెట్టుడు గోళ్ళు

మీ బడిలో వార్షికోత్సవం జరగబోతున్నది. ప్రహ్లాద నాటకం వేస్తున్నారు. నరసింహస్వామి వేషం మీకు వచ్చిందనుకోండి. అట్టతో సింహం తల తయారయింది. జనపనారతో జూలు తయారయింది. ఇక కావలసినవి గోళ్ళు. స్తంభం చీల్చుకుని వచ్చి, హిరణ్యకశిపుణ్ణి తొడలమీద వేసుకున్న స్వామికి గోళ్ళు లేకపోతే చూసేవాళ్ళు నవ్వరూ?

బజారులో ప్లాస్టిక్ గోళ్ళు అమ్ముతారు. ఒక పెట్టె తెచ్చుకున్నారు. వాటిని వేళ్ళకు దేనితో అంటించాలి? మీ స్నేహితుడొకడు ఇంట్లో తెగిన చెప్పులు అతికించుకునే చిన్న జిగురు గొట్టం పట్టుకొచ్చి, "ఒక్క చుక్క చాలురా! ఏనుగు లాగినా ఊడదు!" అంటాడు.

ఆగండి! ఏనుగు లాగినా ఊడనిదాన్ని, నాటకం అయిపోయిన తరవాత మీరెలా ఊడదీస్తారు?

ఈ ప్రశ్న అంటించిన తరవాత వేసుకుంటే లాభం లేదు. అంటించకముందే వేసుకోవాలి. పద్మవ్యూహంలోకి పోవటం తెలిసి, తిరిగి రావటం తెలియని అభిమన్యుడు ఏమయాడో మీకు తెలుసు. జిగురు సంగతి కూడా అటువంటిదే. గట్టిగా అంటుకునేదల్లా మంచి జిగురు కాదు. ఏ పనికి ఎంత అంటుకోవాలో అంత అంటుకుని, పని తీరగానే హాని చెయ్యకుండా వదిలేదే ఆ పనికి మంచి జిగురు. ఎందుకో తెలుసుకోవాలంటే ముందు మీ గోరు ఎటువంటిదో తెలుసుకోవాలి.

గోరుకు ప్రాణమున్నదా?

హిరణ్యకశిపుడు కోరిన వరాలు గుర్తున్నాయి గదా? పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు. మనిషి చేతగాని, మృగం చేతగాని చావకూడదు. ప్రాణమున్నదానితోగాని, ప్రాణం లేనిదానితోగాని చావకూడదు. అందుకే స్వామి సంధ్యవేళ, గడపమీద, నరసింహరూపంలో, గోళ్ళతో వాణ్ణి చంపాడంటారు. గోరుకు ప్రాణం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు!

ఇది పురాణకథ. కాని గోరు విషయంలో శరీరశాస్త్రం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. మనం కత్తిరించుకునే గోరులో ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. అది కెరటిన్ అనే పదార్థంతో తయారయిన బిళ్ళ. మన జుట్టులోనూ, ఆవు గిట్టల్లోనూ ఉండేది కూడా కెరటినే. ఈ బిళ్ళ మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అయినా అది ఒకే ముక్క కాదు. ఎన్నో పలచని పొరలు ఒకదానిమీద ఒకటి అతుక్కుని ఉంటాయి, ఉల్లిపాయలోలాగా.

ఇక గోరు మొదట్లో, చర్మంకింద, గోటి వేరు ఉన్నది. దానికి మాత్రం ప్రాణం ఉన్నది. కొత్త గోరు అక్కడే పుడుతూ పాత గోటిని ముందుకు తోస్తుంది. మీ బొటనవేలి గోరు మొదట్లో తెల్లగా అర్ధచంద్రుడు కనిపిస్తాడు చూడండి. అది ఆ వేరులో మనకు కనిపించే కొస. గోటి బిళ్ళకింద ఉండే మెత్తని చర్మంలో రక్తనాళాలూ, నరాలూ ఉన్నాయి. అందుకే గోరుకింద చిన్న పుల్ల గుచ్చుకున్నా ప్రాణం లేచిపోయినట్టుంటుంది.

మొండి జిగురుతో అంటించిన పెట్టుడు గోటిని బలవంతాన పీకితే ఏమవుతుంది? జిగురు ఊడదు. దానికన్న బలహీనమైనది ఊడుతుంది. అంటే, మీ గోటి పై పొరలు లేచి వస్తాయి! మిగిలిన గోరు కాగితంలాగా పలచబడి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. ఒక్కొక్కప్పుడు గోరు మొత్తమే కింది చర్మంనుంచి విడిపోతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఊడిన గోరు మళ్ళీ పూర్తిగా రావటానికి ఆరు నెలలు పట్టవచ్చు. అర్ధసంవత్సర పరీక్షలనాడు పోగొట్టుకున్న గోరు, పెద్ద పరీక్షలు అయిపోయి సెలవులు ఇచ్చినా పూర్తిగా రాకపోవచ్చునన్నమాట.

జిగురు లేని గోళ్ళు

పెట్టుడు గోళ్ళు ఇవాళ పుట్టినవి కావు. చైనా రాణి సీషీ (1835-1908) తన పొడుగాటి గోళ్ళు విరగకుండా వాటిమీద చెక్కడపు పని చేసిన తొడుగులు తొడుక్కునేది. 1903 తరవాత తీసిన ఆమె ఫోటోల్లో అవి స్పష్టంగా కనిపిస్తాయి. థాయ్‌లాండు ఉత్తర భాగంలో స్త్రీలు వేళ్ళకు పొడుగాటి ఇత్తడి గోళ్ళు పెట్టుకుని మెల్లగా నాట్యం చేస్తారు. మన దేశంలో కథకళి నటులు ఎడమచేతి వేళ్ళకు వెండి గోళ్ళు పెట్టుకుంటారు. ఇవన్నీ తొడుగులే. తొడుక్కోవటం ఎంత తేలికో, తీసెయ్యటం కూడా అంత తేలిక.

చైనావారికి గూజెంగ్ అనే తంత్రీవాద్యం ఉన్నది. దాన్ని మీటటానికి వేళ్ళకు చిన్న గోళ్ళు కట్టుకుంటారు. అవి జారకుండా వేలిచుట్టూ జిగురు పట్టీ చుడతారు. పాఠం కాగానే పట్టీ విప్పి, గోళ్ళు డబ్బాలో పెట్టుకుని ఇంటికి పోతారు. రోజూ వాయించే పిల్లలు రోజూ కట్టుకుని, రోజూ విప్పుతారు. ఏ రోజూ వాళ్ళ అసలు గోళ్ళ జోలికి పోరు.

మరి ఈ కాలంలో గోళ్ళను అంటించటానికి వాడే జిగుర్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఇందులో రెండు ముఖ్యమైనవి. రెండింటినీ మొదట "పనికిరానివి" అనుకున్నారు! ఒకటి మరీ ఎక్కువగా అంటుకున్నందుకు, రెండవది సరిగా అంటుకోనందుకు.

అన్నిటికీ అంటుకున్న జిగురు

1942లో, రెండవ ప్రపంచయుద్ధం జరుగుతూండగా, అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో హారీ కూవర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తుపాకుల గురికి పనికివచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్కు కోసం వెతుకుతున్నాడు. సైనోఆక్రిలేట్ అనే జాతి పదార్థాలు ఆయన చేతికి వచ్చాయి. కాని అవి ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోయాయి. ఇదేమి పీడ అనుకుని వాటిని పక్కన పెట్టేశారు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. 1951లో టెనెసీ రాష్ట్రంలో అదే కంపెనీ శాస్త్రజ్ఞులు కూవర్ ఆధ్వర్యాన జెట్ విమానాలకు కావలసిన ప్లాస్టిక్కు కోసం పరిశోధిస్తున్నారు. ఫ్రెడ్ జాయ్‌నర్ అనే ఆయన ఈ జాతి ద్రవాన్నే ఒకదాన్ని, కాంతి ఎంత వంగుతుందో కొలిచే యంత్రంలో, రెండు గాజు పట్టకాల మధ్య పూశాడు. కొలత బాగానే వచ్చింది. కాని పట్టకాలు మళ్ళీ విడిరాలేదు! ఖరీదైన యంత్రం పాడయింది. జాయ్‌నర్ బెంబేలు పడ్డాడు. కూవర్‌కు మాత్రం తమ చేతికి చిక్కినది అపూర్వమైన జిగురని అర్థమయింది. 1958లో అది బజారుకు వచ్చింది. మీ స్నేహితుడు పట్టుకొచ్చిన గొట్టంలో ఉన్నదీ, గోళ్ళకని చిన్న సీసాల్లో అమ్మేదీ చాలావరకు ఈ జాతి జిగురే. మనం దీన్ని "చిటికె జిగురు" అందాం.

ఇది చిటికెలో ఎలా అంటుకుంటుంది? సీసాలో ఉన్నంతసేపూ దీని అణువులు దేనికది విడిగా తిరుగుతూంటాయి. అవి తొందరపడి కలవకుండా అందులో రవంత ఆమ్లం కూడా వేస్తారు. బయటపడగానే వీటికి తేమ తగులుతుంది. గాలిలోనూ, మన చర్మంమీదా, గోటిమీదా తేమ ఎప్పుడూ ఉంటుంది గదా. తేమ తగలగానే అణువులు చేతులు కలుపుకుని పొడుగాటి గొలుసులైపోతాయి. ద్రవం గట్టి ప్లాస్టిక్కుగా మారుతుంది. మామూలు జిగుర్లు చాలావరకు ఆరితే అంటుకుంటాయి. ఇది తడి తగిలితే అంటుకుంటుంది!

అణువులు చేతులు కలిపేటప్పుడు వేడి పుడుతుంది. ఒక్క చుక్కలో ఆ వేడి మనకు తెలియదు. కాని జిగురు నూలు బట్టమీద ఒలికితే చాలా ప్రమాదం. నూలుపోగులు తేమను పట్టుకుని ఉంటాయి. లెక్కలేనన్ని పోగులమీద జిగురు పరుచుకుని, అణువులన్నీ ఒక్కసారిగా కలుస్తాయి. అప్పుడు పుట్టే వేడికి బట్టకింది చర్మం బొబ్బలెక్కుతుంది. ఒళ్ళో గోళ్ళ జిగురు ఒలికి, తొడలు కాలి పిల్లలు ఆసుపత్రికి వచ్చిన సందర్భాలను వైద్యులు రాసిపెట్టారు. దూదితో తుడవబోయినా ఇదే అపాయం.

మరొక సంగతి. ఈ సీసా, కంట్లో వేసుకునే మందు సీసా చూడటానికి ఒకే రకంగా ఉంటాయి. పొరపాటున ఒకదానికి బదులు మరొకటి కంట్లో వేసుకున్నవాళ్ళున్నారు. అందుచేత ఈ జిగురు మందులతోపాటు ఎన్నడూ ఉంచరాదు.

"ఆసుపత్రుల్లో గాయాలు అతికించటానికి ఇటువంటి జిగురే వాడతారట కదా!" అని మీలో ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1998లో అమెరికా ప్రభుత్వం అటువంటిదానికి అనుమతి ఇచ్చింది. కాని అది శరీరంకోసం ప్రత్యేకంగా తయారుచేసిన వేరొక రకం. వైద్యుల చేతిలో ఉండవలసినది. చెప్పుల జిగురు గాయానికి మందు కాదు.

అంటీ అంటని జిగురు

ఇక రెండవ కథ. 1968లో, అమెరికాలోనే, 3ఎమ్ అనే కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రజ్ఞుడు చాలా గట్టి జిగురు తయారుచెయ్యాలని ప్రయత్నిస్తున్నాడు. తయారయినది అందుకు సరిగ్గా వ్యతిరేకం! అందులో జిగురు కంటికి కనిపించని చిన్న చిన్న ఉండలుగా ఉన్నది. ఆ జిగురు పూసిన కాగితం ఒత్తితే అంటుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది. మళ్ళీ ఒత్తితే మళ్ళీ అంటుకుంటుంది. మచ్చ కూడా మిగలదు. ఇటువంటి బలహీనపు జిగురు ఎవరికి కావాలి? ఏళ్ళతరబడి దానికి ఏ ఉపయోగమూ కనిపించలేదు.

1974లో అదే కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఫ్రై అనే ఆయన చర్చిలో పాడుతూ, పాటల పుస్తకంలో గుర్తుకోసం పెట్టుకున్న కాగితపు ముక్కలు మాటిమాటికీ జారిపోతూంటే విసుక్కున్నాడు. అప్పుడు ఆయనకు సిల్వర్ జిగురు గుర్తుకు వచ్చింది. పేజీకి అంటుకుని, పేజీ చిరగకుండా వచ్చేసే కాగితం! 1980నుంచి అమెరికా అంతటా అమ్ముడుపోయిన ఆ చిన్న పసుపు కాగితాలు ఇప్పుడు మన ఆఫీసుల్లో బల్లలమీద కూడా కనిపిస్తాయి.

పెట్టుడు గోళ్ళకు దొరికే రెండు వైపులా అంటుకునే జిగురు బిళ్ళలు ఈ తరహావే. వీటిలో జిగురు ఎన్నటికీ గట్టిపడదు. చాలా చిక్కని పాకంలాగా మెత్తగా ఉంటుంది. ఒత్తితే గోటిమీది సన్నని గరుకులోకి పాకుతుంది. గట్టిపడదు గనుక నిదానంగా లేవనెత్తితే మీ గోటి పొరలను పీకకుండా వదులుతుంది. నాటకం రెండు గంటలు గదా? దానికి ఇంతకన్న గట్టి జిగురు ఎందుకు?

మీరే చేసి చూడండి

ఒక స్టీలు పళ్ళెమూ, జిగురు టేపూ తీసుకోండి. టేపు ముక్కను సగం పళ్ళేనికి అంటించి, సగం వదిలెయ్యండి. వదిలిన కొసను పట్టుకుని పళ్ళెం వెంబడే, బల్లపరుపుగా లాగండి. కదలదు. ఇప్పుడు అదే కొసను పైకెత్తి వెనక్కు మడుస్తూ లాగండి. సులువుగా వచ్చేస్తుంది. మొదటిసారి అంటుకున్న చోటంతా ఒక్కటై మీతో పోట్లాడింది. రెండవసారి ఒక సన్నని గీతమీదనే పోరాటం జరిగింది. కట్టెల మోపును విప్పి ఒక్కొక్క పుల్లనే విరిచినట్టన్నమాట. పెట్టుడు గోటిని కూడా నిలువునా పీకరాదు. ఒక పక్కనుంచి మెల్లగా లేవనెత్తాలి.

తరవాత పళ్ళేనికి ఒక చుక్క నూనె రాసి టేపు అంటించండి. అంటుకోదు. జిగురు వస్తువును తాకాలిగాని, మధ్య ఉన్న నూనెను కాదు. గోళ్ళు అంటించేముందు సబ్బుతో చేతులు కడుక్కోమనేది ఇందుకే.

చివరకు, కాగితపు చీటీ అంటించిన పాత సీసా ఒకటి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. గీకితే చిరిగిపోయే చీటీ, కొంతసేపు నానితే చాలావరకు చెక్కుచెదరకుండా జారివస్తుంది. మైదా జిగురుకూ, తుమ్మ జిగురుకూ విరుగుడు నీళ్ళు. గోళ్ళ బిళ్ళలకు విరుగుడు గోరువెచ్చని సబ్బునీళ్ళు, కాస్త నూనె. చిటికె జిగురును మెత్తబరిచేది ఎసిటోన్ అనే ద్రవం. కాని అది ఇట్టే అంటుకుని మండుతుంది. దాన్ని పెద్దవాళ్ళు మాత్రమే, మంటకు దూరంగా, గాలి ఆడే చోట వాడాలి.

వేషం కట్టేటప్పుడు

మీ ఇంట్లో పెద్దవాళ్ళను దగ్గర ఉండమనండి. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోండి. గోటిచుట్టూ పుండుగాని, చీముగాని ఉంటే ఆ వేలికి ఏదీ అంటించవద్దు. మీ గోటికి సరిపోయే ప్లాస్టిక్ గోరు ఎంచుకోండి. పక్క చర్మంమీదికి రాకూడదు. జిగురు బిళ్ళ కూడా గోటికన్న చిన్నదిగా ఉండాలి. పెట్టి, అర నిమిషంసేపు ఒత్తిపట్టండి. నాటకానికి ఒక రోజు ముందు ఒక్క వేలికి పెట్టి చూడండి. దురదగాని, ఎర్రదనంగాని వస్తే ఆ ప్రయత్నం మానెయ్యండి.

హారతి పళ్ళెం ఉన్న చోట పెట్టుడు గోళ్ళతో చేతులు చాపవద్దు. ప్లాస్టిక్కు మండుతుంది. వాటితో అన్నం తినవద్దు, నిద్రపోవద్దు. గోటికీ, పెట్టుడు గోటికీ మధ్య సందులో తడి చేరితే ఒక రకం సూక్ష్మజీవులు పెరిగి గోరు ఆకుపచ్చగా మారుతుంది.

నాటకం కాగానే వేళ్ళను గోరువెచ్చని సబ్బునీళ్ళలో పది నిమిషాలు ముంచండి. పక్కనుంచి మెల్లగా ఎత్తండి. రాకపోతే మళ్ళీ ముంచండి. పళ్ళతో మాత్రం పీకవద్దు. తరవాత వేళ్ళకు కాస్త కొబ్బరినూనె రాసుకోండి.

బిళ్ళలు దొరకకపోతే విచారించనక్కరలేదు. గట్టి కాగితాన్ని శంకువులాగా చుట్టి, రంగు వేసి, వేలికొసలకు తొడుక్కోండి. దూరాన కూర్చున్నవాళ్ళకు అవి ప్లాస్టిక్ గోళ్ళకన్న భయంకరంగా కనిపిస్తాయి.

దుకాణాల్లో ద్రవం పూసి, దీపంకింద గట్టిపరిచే గోళ్ళు మరొక రకం. ఆ ద్రవం సరిగా గట్టిపడక చర్మానికి తగిలితే కొందరికి అది సరిపడదు. ఒకసారి సరిపడకపోతే ఆ గుణం జన్మంతా ఉండిపోవచ్చు. పెద్దయిన తరవాత పంటికి సిమెంటు పెట్టించుకోవాలన్నా ఇబ్బంది కావచ్చు. 2018లో బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం ఈ సంగతి గురించి హెచ్చరించింది. ఆ అలంకారం పిల్లలకు వద్దు.

పొరపాటు జరిగితే

ఇంట్లో చిటికె జిగురు ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటే విడదీయటానికి గుంజవద్దు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, అటూ ఇటూ మెల్లగా దొర్లించండి. చర్మం పై పొర సహజంగానే రాలిపోతూంటుంది గనుక, ఒకటి రెండు రోజుల్లో మిగిలినదీ పోతుంది.

కంట్లో పడితే కన్ను నలపవద్దు. రెప్పలు అంటుకుంటే బలవంతాన తెరవవద్దు. వెంటనే నీళ్ళతో కడిగి, తడిగుడ్డ కప్పి వైద్యుడి దగ్గరకు పోవాలి. ఎసిటోన్ కంటి దరికి రాకూడదు.

బట్టమీద ఒలికితే వెంటనే దాన్ని ఒంటినుంచి దూరంగా లాగి, చల్లని నీళ్ళు ధారగా పొయ్యాలి. అప్పటికే చర్మానికి అంటుకుని ఉంటే పీకవద్దు. ఇరవై నిమిషాలపాటు నీళ్ళు పోస్తూ పెద్దవాళ్ళను పిలవండి, వైద్యుడికి చూపించండి.

ఏది జరిగినా దాచవద్దు. తిడతారని దాచినందువల్ల చిన్న గాయం పెద్దదవుతుంది.

ఇక వెళ్ళి నాటకం వెయ్యండి. స్తంభంలోనుంచి దూకి, సభ దద్దరిల్లేటట్టు గర్జించండి. తెర పడిన తరవాత పది గోళ్ళూ తీసి లెక్కపెట్టి, వచ్చే ఏటి నాటకం కోసం డబ్బాలో పెట్టండి. వాటికింద మీ సొంత గోళ్ళు పది, నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పున, ఏమీ జరగనట్టు పెరుగుతూ ఉండాలి.